ముషిషి చూసిన వానాకాలం

విశాఖపట్నంలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న రోజులవి. 2010 వానాకాలంలో ఒక సాయంత్రం, హాస్టలు గదిలో నాతో కలిసి ఉండే మిత్రుడు, ఎవరో సీనియరును అడిగి తెచ్చిన హార్డ్‌డిస్కులో ఉన్న జపాను యానిమేషన్ ధారావాహికలన్నింటిలో నుంచి ఒక్కదాన్ని మాత్రం ఏరి నా కంప్యూటరులోకి ఎక్కించి, "ఇది నీకు నచ్చుతుంది, కానీ రోజుకు ఒక్క భాగానికి మించి చూడకు" అని చెప్పి భోజనానికి వెళ్లిపోయాడు. ఆ ధారావాహిక పేరు ముషిషి. మొత్తం 26 భాగాలు. నేను అతని మాట తు.చ. తప్పకుండా పాటించాను కాబట్టి ఆ వానాకాలంలో దాదాపు ఒక నెల ఈ ధారావాహికతోనే గడిచింది; ఇప్పటికీ ఆ హాస్టలు తలపునకు వస్తే, కిటికీ పైరేకు మీద పడే వాన చప్పుడూ, ఆ చప్పుడులో వినిపించీ వినిపించకుండా సాగే జపాను మాటలూ విడదీయరాకుండా కలిసే గుర్తుకు వస్తాయి.

ఆరంభంలో ఆకుపచ్చని ఆకుల మీద వెలుగు కదులుతూ ఉండగా, స్కాట్లాండ్ గాయకుడు ఆలీ కెర్ గిటారుతో తగ్గు స్వరంలో పాడే ఇంగ్లీషు పాట వస్తుంది. ఆ తర్వాత కథ. కొండల మధ్య ఒంటరి ఇంట్లో షిన్రా అనే పిల్లవాడు ఉంటాడు. అతడు ఎడమచేత్తో ఏది గీసినా దానికి ప్రాణం వస్తుంది. ఆ వింత గురించి విని గింకో అనే బాటసారి వస్తాడు. తెల్లని జుట్టు, ఒకే ఒక ఆకుపచ్చని కన్ను, వీపున అరలున్న చెక్కపెట్టె, పెదవుల మధ్య ఎప్పుడూ పొగ. అతడే ముషిషి, అంటే చాలామంది కంటికి కనిపించని ముషి అనే జీవుల సంగతి తెలిసినవాడు, వాటి వల్ల మనుషులకు కలిగే బాధలకు ఉపాయం చెప్పేవాడు. ఎన్నడో చనిపోయిందనుకున్న బామ్మ సగం ముషిగా మారి, చిన్నపిల్ల రూపంలో ఆ ఇంట్లోనే మనవడి కంటికి కనిపించకుండా తిరుగుతున్నదని గింకో కనిపెడతాడు. సగానికి విరిగిన ఒక ఆకుపచ్చని పానపాత్రతో ఆమె గతం ముడిపడి ఉంటుంది. ఆ పాత్రలో పోయిన సగాన్ని మనవడు తన ఎడమచేత్తో గీసి ఇస్తే, బామ్మా మనవడూ చివరికి ఒకరినొకరు చూసుకుంటారు. భాగం అక్కడితో అయిపోయింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, ఎవరూ ఎవరినీ తరిమివేయలేదు, రేపటి భాగంలో ఏమవుతుందోనన్న ఉత్కంఠను కూడా మిగల్చలేదు. నేను మాత్రం కంప్యూటరు ఆపేశాక కూడా చాలాసేపు మంచం మీద కూర్చునే ఉన్నాను.

నన్ను అలా కూర్చోబెట్టినది ఆ భాగంలో గింకో తన చేతిని చూపుతూ చెప్పే మాటలు. నాలుగు వేళ్లను జంతువులు అనుకోమంటాడు, బొటనవేలిని మొక్కలు అనుకోమంటాడు. మనిషి ఉండేది మధ్యవేలి కొసన, అంటే గుండెకు అన్నింటికంటే దూరంగా. వేళ్ల మీదుగా అరచేతిలోకి దిగే కొద్దీ ప్రాణులు మరింత ఆదిమరూపంలోకి మారుతూ వస్తాయి. రక్తనాళాలన్నీ కలిసే మణికట్టు దగ్గర బూజులూ సూక్ష్మజీవులూ ఉంటాయి, అక్కడ మొక్కకూ జంతువుకూ తేడా చెప్పడం కష్టం. అయినా దారి అక్కడితో ఆగదు. ముంజేయి దాటి, భుజం దాటి, గుండె దగ్గర దాకా వెళితే అక్కడ ఉండేవే ముషి. మా పాఠాల్లో, ప్రాణులన్నింటినీ పెద్ద గుంపులుగా విభజిస్తూ విటేకర్ 1969లో చెప్పిన ఐదు రాజ్యాలూ, వోస్ బృందం 1990లో ప్రతిపాదించిన మూడు డొమైన్లూ నేను పరీక్షల కోసం కంఠస్థం చేసిన సంగతులే. వైరసును ప్రాణి అనాలా వద్దా అన్న ప్రశ్నకు రెండు మార్కుల సమాధానం రాయడం కూడా వచ్చు. కానీ జీవలోకమంతా ఒక్క చేతిలో ఇమిడి, మనిషి దాని కొసగోరు దగ్గర, గుండెకు దూరంగా నిలబడి ఉన్నాడన్న చిత్రం నాకు ఏ పుస్తకంలోనూ ఎదురుకాలేదు. ఆ రాత్రి నా చేతిని నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను.

మరునాడు మా ప్రయోగశాలలో హ్యాంగింగ్ డ్రాప్ పద్ధతి నేర్పారు. ఆ పద్ధతి తెలియని వారి కోసం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ముషిషి నాకు ఎందుకు అంత దగ్గరయిందో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. మామూలుగా బ్యాక్టీరియాను చూడాలంటే గాజుపలక మీద పలుచగా పూసి, మంట మీద వేడిచేసి అంటిపెట్టి, రంగు వేసి చూస్తారు. ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది, కానీ చూసేది చచ్చిపోయిన దాన్ని. బతికి ఉన్నదాన్ని చూడాలంటే మధ్యలో గుంట ఉన్న గాజుపలక తీసుకుని, కవర్‌స్లిప్ అనే పలుచని చిన్న గాజుబిళ్ల అంచుల వెంట వ్యాజిలైన్ రాసి, దాని మీద ఒక చుక్క ద్రవం వేసి, చుక్క కిందికి వేలాడేలా గుంట మీద బోర్లించి అతికించాలి. ఆ చుక్క అంచు మీదికి కటకాన్ని సరిచేసుకుని, వెలుగు బాగా తగ్గించి, ఇక కూర్చోవాలి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత అన్నీ ఒకేచోట వణుకుతున్నట్లు కనిపిస్తాయి. ఆ వణుకు నీటి అణువులు తాకడం వల్ల కలిగేది, దుమ్ముకైనా ఉంటుంది. ఇంకా ఓపిక పడితే, వాటిలో ఒకటి ఆ వణుకును వదిలి, తనకేదో పని ఉన్నట్లు తన దారిన తాను సాగిపోతుంది. అది చూసిన క్షణంలో ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయని చెబితే అతిశయోక్తి కాదు. దయ్యాలూ మాయలూ ఉన్న ఎన్నో కథలు రంగు వేసిన పలకలవంటివి. ముషిషి ఆ వేలాడే చుక్క వంటిది. ఆ ధారావాహిక నెమ్మదిగా సాగడానికి కారణం కథకులకు చెప్పడానికి సరుకు చాలకపోవడం కాదని, బతికి ఉన్నదాన్ని తొందరపెడితే అది కనిపించదు కాబట్టి అలా సాగుతున్నదని నాకు ఆనాడు అర్థమయింది.

దీనికి మూలం ఉరుషిబారా యుకి అనే రచయిత్రి గీసిన మాంగా, అంటే జపాను బొమ్మల కథ. 1974లో యమగుచి ప్రాంతంలో పుట్టిన ఆమె దీన్ని 1999లో మొదలుపెట్టి 2008 దాకా కొనసాగించారు. కోదాన్షా ప్రచురణగా 10 సంపుటాలు వచ్చాయి, 2006లో కోదాన్షా మాంగా పురస్కారం కూడా దక్కింది. నగహమా హిరోషి దర్శకత్వంలో ఆర్ట్‌ల్యాండ్ స్టూడియో తీసిన ధారావాహిక 2005 అక్టోబరులో ఫుజి టీవీలో మొదలయింది. ముషి అన్న మాటకు నేటి జపాను భాషలో పురుగు అని అర్థం, కానీ పేరులో వాడిన అక్షరం పాతకాలపుది. పురుగును సూచించే గుర్తును మూడుసార్లు పేర్చి రాసినది. ఏదో జరగబోతున్నదని మనసుకు ముందే తెలిస్తే దాన్ని ముషి తెచ్చిన కబురు అంటారట వారు. కడుపులో ఆకలితో గొణిగేదీ, పసివాళ్లను ఊరికే ఏడిపించేదీ కూడా ముషియే. మనకు కూడా అనుమానం పురుగై తొలుస్తుంది కదా. కంటికి కనిపించని బాధకు పురుగు రూపం ఇవ్వడం రెండు భాషలకూ తెలుసునన్నమాట. ఉరుషిబారా చేసిందల్లా ఆ పాత మాటను పట్టుకుని, ఆ పురుగులు నిజంగానే ఉంటే ఎలా బతుకుతాయి, ఏమి తింటాయి అని శ్రద్ధగా ఆలోచించడమే. ఒక మైక్రోబయాలజీ విద్యార్థికి ఇంతకంటే కావలసినది ఏముంటుంది?

కథాకాలం కూడా ఆమె ఊహించుకున్నదే, జపాను చరిత్రలోని ఎడో కాలానికీ, దాని తర్వాతి మెయిజీ కాలానికీ నడుమ ఎక్కడో ఉన్నట్లు తోచే ఒక యుగం. అందరూ కిమోనోలు కట్టుకుని ఉంటే గింకో ఒక్కడే చొక్కా, ప్యాంటు, పైన కోటు వేసుకుని తిరుగుతాడు. అతడు ఒక ఊరికి వస్తాడు, అక్కడి బాధ వింటాడు, తనకు తెలిసింది చెబుతాడు, వెళ్లిపోతాడు. సముద్రపు ఒడ్డున ఉండే ఆదాషినో అనే వైద్యుడివంటి ఒకరిద్దరు తప్ప మళ్లీ మళ్లీ కనిపించే మనుషులే లేరు. ఒక భాగమంతా మంచు, ఒక భాగమంతా వెదురు, ఇంకో భాగమంతా సముద్రం. మసుదా తోషియో కూర్చిన సంగీతంలో చాలాచోట్ల గంట మోగిన తర్వాత మిగిలే నాదం ఒక్కటే వినిపిస్తుంది. పైగా ప్రతి భాగానికీ ముగింపు సంగీతం వేరుగా ఉంటుంది, 26 భాగాలకూ 26. నేను ఏ ఒక్క భాగంలోనూ ఆ ముగింపును దాటవేయలేదు. రోజుకు ఒక్కటే చూడమని మిత్రుడు ఎందుకు చెప్పాడో ఆ సంగీతం వింటూ ఉంటే తెలిసేది. ఒక ఊరి దుఃఖం విన్న వెంటనే ఇంకో ఊరికి పరిగెత్తడం ఎవరికీ మర్యాద కాదు.

ఆ భాగాలన్నింటిలో నాకు అత్యంత ప్రియమైనది మూడోది. దట్టంగా మంచు కురిసే ఒక లోయలోని ఊరిలో చాలామందికి ఒక చెవి వినిపించడం మానేస్తుంది. మంచు పడే రాత్రుల్లో అడవి శబ్దాన్ని తినే ముషి కొన్ని ఇళ్లలోకి వచ్చి చెవుల్లో చేరాయని గింకో గుర్తించి, ఉప్పునీరు పోయించి బయటికి రప్పిస్తాడు. అంతవరకూ తేలికే. కానీ ఊరిపెద్ద మనవడు మహోకు జబ్బు వేరు. అతడి నుదుట కొమ్ములు మొలిచాయి, నిశ్శబ్దాన్ని తినే ఇంకొక ముషి అతడిలో ఉన్నది కాబట్టి లేని శబ్దాలన్నీ ఎడతెగకుండా వినిపిస్తూ ఉంటాయి. అతడి తల్లి ఏడాది కిందట అదే జబ్బుతో పోయింది. పోయేముందు ఆమె కొడుకు చెవులను రెండు చేతులతో మూసేది. దాని అర్థం ఏమిటో పిల్లవాడికి తెలియదు. అరచేతులు చెవులకు గట్టిగా ఆనించుకుంటే లోపల నుంచి కరిగిన రాయి పారుతున్నట్లు ఒక గంభీరమైన హోరు వినిపిస్తుంది. మనిషి ఒంట్లో నుంచే వచ్చే ఆ శబ్దమే ఆ ముషికి విరుగుడు. ఆ రాత్రి నేను కూడా అరచేతులు చెవులకు ఆనించి విన్నాను. కండరాల కదలిక వల్ల పుట్టే చప్పుడు అదని తర్వాత చదివి తెలుసుకున్నాను, కానీ మొదటిసారి విన్నప్పుడు ఆ సంగతి తెలియదు. బయట వాన, పక్కగదిలో ఎవరిదో పాట, అన్నీ ఒక్కసారిగా వెనక్కి తగ్గి, నాలోపల ఎక్కడో చాలా పెద్దదేదో నిదానంగా కదులుతున్నట్లు వినిపించింది. ఇరవై రెండేళ్లుగా అది నాలో ఉన్నదని నాకు తెలియదు. తలనొప్పితో, దిగులుతో పడుకున్న రాత్రుల్లో ఇప్పటికీ ఒక్కొక్కసారి చెవులు మూసుకుని వింటాను.

మా చిన్నప్పుడు మేము విన్న కథల్లో కనిపించనిది ఏదైనా సరే శత్రువే. పిల్లవాడు అన్నం తినకపోతే గాలి సోకిందనేవారు. మంత్రం వేసే మనిషి వచ్చి వేపమండలతో దాన్ని వెళ్లగొట్టేవాడు. వెళ్లిపోయిన ఆ గాలి తర్వాత ఎక్కడికి పోయి ఏమి తిని బతికిందో ఎవరూ అడగలేదు. ముషిషిలో గింకో అడిగేదే ఆ ప్రశ్న. ముషి చెడ్డవి కావు, అలాగని స్నేహితులూ కావు, అవి ఊరికే తమ బతుకు తాము బతుకుతున్నాయి. మనిషి వాటి దారిలోకి వచ్చినా, అవి మనిషి దారిలోకి వచ్చినా బాధ కలుగుతుంది, అంతే. అందుకే అతడి వైద్యం చాలాసార్లు సగం వరకే పనిచేస్తుంది. కరవు కాలంలో నాటితే ఊరంతటికీ పుష్కలంగా పంట ఇచ్చి, ఆ ఏటి చివరికి ఊళ్లో అందరికంటే బలహీనులైన ఒకరి ప్రాణం తీసుకునే విత్తనం కథ ఒకటి ఉంటుంది, తొమ్మిదో భాగం. వర్షం కోసం ఆకాశం వైపు చూసే పొలాల మధ్య పుట్టినవాడిని కాబట్టి ఆ భాగాన్ని నేను కళ్లార్పకుండా చూశాను. ఆ విత్తనం నాటినవాడిని దుర్మార్గుడనలేము, నాటవలసింది కాదనీ తేలికగా అనలేము. కథ మన తరఫున తీర్పు చెప్పదు. ఆ ఊరి వరిచేను గాలికి ఊగడం మాత్రం కావలసినంతసేపు చూపిస్తుంది.

గింకో ఎక్కడా నిలవడు. ముషిని ఆకర్షించే తత్వం అతడికి ఉన్నది. ఒకచోట ఎక్కువ రోజులు ఉంటే అవి అక్కడ గుమికూడి ఆ చోటుకే కీడు చేస్తాయి. నోట్లో ఎప్పుడూ వెలిగే ఆ పొగ కూడా వాటిని దూరంగా ఉంచడానికే. పన్నెండో భాగంలో అతడి గతం తెలుస్తుంది. కొండచరియ విరిగిపడి తల్లిని పోగొట్టుకున్న యోకి అనే పిల్లవాడిని, తెల్లజుట్టూ ఒంటికన్నూ గల నుయి అనే స్త్రీ తన గుడిసెకు తెచ్చి సాకుతుంది. ఆమె ఇంటి పక్క చెరువులో ఒంటికన్ను తెల్లచేపలు ఉంటాయి, ఆ చెరువులోనే ఆమెను నెమ్మదిగా మింగుతున్న చీకటి కూడా ఉంటుంది. ఆ చీకటి నుంచి పిల్లవాడు బయటపడేసరికి ఒక కన్నూ, జుట్టు రంగూ, తన పేరూ, ఆమెను గురించిన తలపూ అన్నీ పోగొట్టుకుని ఉంటాడు. గింకో అన్న పేరు ఒక్కటే మిగులుతుంది. ఈ సంగతి చూసే మనకు తెలుసు, అతడికి తెలియదు. ఆ తర్వాతి భాగాల్లో అతడు ఎవరి ఇంటి అరుగు మీదనో కూర్చుని నీళ్లు తాగుతుంటే, అతడు మరచిపోయినదాన్ని మనం మోస్తూ చూస్తాము. ఇంతమంది ప్రేక్షకులకు ఒక జ్ఞాపకాన్ని అప్పగించి, దాన్ని వాడుకోకుండా అలాగే వదిలివేసే ధైర్యం నేను ఇంకే ధారావాహికలోనూ చూడలేదు.

ఇరవయ్యో భాగంలో తాన్యూ అనే యువతి ఉంటుంది. పుట్టుకతోనే ఆమె కాలి మీద సిరారంగు మచ్చ. ఆమె వంశంలో పూర్వం ఎవరో తమ ఒంట్లో బంధించిన నిషిద్ధమైన ముషి అది. ముషిషులు వచ్చి తాము ముషిని చంపిన వృత్తాంతాలు చెబితే, ఆమె విని వాటిని రాయాలి. రాసినకొద్దీ మచ్చ అక్షరాలై కాగితం మీదికి దిగి, కాలు కొంచెం కొంచెంగా మామూలవుతుంది. అంటే ఆమెకు బతుకునిచ్చేవి చంపడం గురించిన కథలు. కానీ ఆమెకు ఇష్టమైనవి గింకో చెప్పేవి, చంపకుండా గడిచిన కథలు. ఒక సందర్భంలో ఆమె రాసిన కాగితపు చుట్టల్లోని అక్షరాలన్నీ విడిపోయి గోడల మీద, పైకప్పు మీద చీమల్లా పాకిపోతుంటే, తాన్యూ ఒక పొడవైన పుల్లల జతతో, అన్నం తినే పుల్లల్లాంటివాటితో, ఒక్కొక్క అక్షరాన్నీ నొప్పి కలగకుండా పట్టి తిరిగి కాగితం మీద పెడుతుంది. ఆ దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు. నా ప్రయోగశాల నోటుపుస్తకం వెనక పేజీల్లో ప్రతి భాగం గురించీ నాలుగైదు వాక్యాలు రాసే అలవాటు నాకు ఆ రోజుల్లోనే పట్టుబడింది.

చదువయ్యాక నాకు నీటి పరీక్షలు చేసే ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఇదే తరహాలో నెమ్మదిగా, భాగానికొక కథగా సాగే మరికొన్నింటిని అప్పుడు వెతికి చూశాను. మిదోరికావా యుకి మాంగా ఆధారంగా 2008లో మొదలైన నత్సుమే యూజిన్‌చో నాకు ఎంతో నచ్చింది. అందులోని పిల్లవాడు అమ్మమ్మ కూడబెట్టిన పుస్తకంలో చిక్కుకున్న మాయాజీవుల పేర్లను ఒక్కొక్కటిగా ఊది విడిచిపెడతాడు. అయితే ఆ పిల్లవాడికి చివరకు ఒక ఇల్లు దొరుకుతుంది, తల నిమిరే దంపతులు దొరుకుతారు. గింకోకు అది కూడా లేదు. 2014లో ముషిషి రెండో వరుస వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ల తర్వాత కూడా అదే దర్శకుడు, అదే సంగీతం, గింకోకు నకానో యూతోదే ఆ తొణకని గొంతు. మధ్యలో ఒక్కరోజు కూడా గడవనట్లు అదే నడక. వారానికి ఒక భాగం కోసం ఎదురుచూడటం నాకు అలవాటైన పనిలాగే తోచింది. ఆ వరుస పూర్తయ్యాక నా నోటుపుస్తకం తీసి మొదటి వరుసను తిరిగి చూడటం ప్రారంభించాను, పదహారో భాగం దగ్గర ఆగిపోయాను.

ఆ భాగంలో ఒక తల్లి రోజురోజుకూ మరచిపోతూ ఉంటుంది. ఒక చెట్టు నీడన నిద్రపోయినప్పుడు ఆమెలో చేరిన ముషి జ్ఞాపకాలను తింటున్నది. ఎప్పుడో గాని తలచుకోని సంగతులను అది ముందుగా తింటుంది, రోజూ తలచుకునేవాటి జోలికి రాదు. భర్త వ్యాపారం కోసమని వెళ్లి చాలాకాలమైంది. దూరప్రయాణంలో ఉన్నవారి క్షేమం కోసం ఇంటి దగ్గర వారి వంతు భోజనం వడ్డించి ఉంచే ఆచారం జపానులో ఉన్నది, ఆమె ప్రతిరోజూ ఆ పళ్లెం పెడుతుంది. అందుకే భర్త ఆమె జ్ఞాపకంలో నిలిచి ఉన్నాడు. కొడుకును తోడు తీసుకుని అతడిని వెతుక్కుంటూ వెళితే, అతడు వేరే ఊళ్లో వేరే సంసారంతో ఉంటాడు. తిరిగి వచ్చాక ఆమె అతడిని మరచిపోతుంది. కానీ పళ్లెం పెట్టడం మానదు. ఎవరి కోసమో ఆమెకే తెలియదు. మొదటిసారి, 2010లో, ఈ భాగం గురించి నా పుస్తకంలో రాసుకున్న వాక్యాలు మూడే. ఈసారి చూసేనాటికి మా నాయనమ్మకు మరపు మొదలై ఏడాది దాటింది.

మా ఊరు పార్వతీపురానికి దగ్గర. నాయనమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. మరపు మొదలైన తర్వాత ఆమె ప్రతి సాయంత్రం, సరిగ్గా దీపాలు పెట్టే వేళకు, వాకిట్లో కూర్చుని అడిగే మాట ఒక్కటే: "గొడ్లొచ్చేసినాయేట్రా?" మా ఇంట్లో పశువులు అమ్మేసి పదిహేనేళ్లయింది. సాల ఉన్నచోట ఇప్పుడు మోటారుసైకిలు పెట్టుకుంటున్నారు. మేమంతా, నాన్న, అమ్మ, నేను, ఎంతో ప్రేమగానే, ఎంతో ఓపికగానే, "గొడ్లు లేవు నాయనమ్మా, ఎప్పుడో అమ్మేశాం కదా" అని ప్రతి సాయంత్రం చెప్పేవాళ్లం. ఆమె ముఖం ప్రతి సాయంత్రం కొత్తగా, అప్పుడే కబురు విన్నట్లు, వాడిపోయేది. ఆ తర్వాత అన్నం కూడా సరిగ్గా తినేది కాదు.

2015 సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. పదహారో భాగం చూసి అప్పటికి మూడు వారాలు కాలేదు. నేను ఆమె పక్కన అరుగు మీద కూర్చుని, "వచ్చేశాయి నాయనమ్మా, కట్టేశాను" అన్నాను. ఆమె వెంటనే నా వైపు తిరిగి, "చుక్కావుని బోడావు పక్కన కట్టీసినావేటి?" అని అడిగింది. ఆ రెండు పేర్లూ నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. లేదు, దూరంగానే కట్టానని చెబితే, ఆమె తృప్తిగా తల ఊపి, చుక్కావు నుదుటి మీది తెల్లచుక్క గురించి, బోడావుకు కొమ్ములు లేకపోయినా ఉన్న పొగరు గురించి, కుడితిలో ఉప్పు తక్కువైతే మూతి తిప్పేసుకునే ఎర్రావు గురించి, ఒక్కొక్కదాని నడక ఎలా ఉండేదో చేత్తో చూపిస్తూ చెప్పుకుపోయింది. నేను పుట్టకముందే పోయిన పశువులు కూడా వాటిలో ఉన్నాయని నాన్న తర్వాత చెప్పారు. అవి ఏ కాలానివో ఆయన లెక్కకట్టి చూస్తే దాదాపు నలభై ఏళ్ల మంద ఒక్క సాయంత్రంలో మా వాకిట్లోకి వచ్చింది. మేము కాదన్న ప్రతిసారీ గుమ్మంలో ఆగిపోయినవి ఇవన్నీ. ఆ రాత్రి నా నోటుపుస్తకంలో, పదహారో భాగానికి రాసిన మూడు వాక్యాల కింద, ఆ పేర్లన్నీ వరుసగా రాసుకున్నాను. ఒంగోలు గిత్త ఒకటి, జత ఎద్దులు రెండు, ఆవులు తొమ్మిది.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు, ఊరికి వెళ్లిన ప్రతిసారీ, ఆ వేళకు నేను వాకిట్లో ఉండేలా చూసుకునేవాడిని. కొన్ని రోజులు ఆమె కొత్త పేరు చెప్పేది, చాలా రోజులు చెప్పినవే చెప్పేది, రానురాను పేర్లు తగ్గిపోయాయి. అడగడం మాత్రం మానలేదు. 2016 వానాకాలంలో, ఆమె వాకిట్లో కూర్చోగలిగిన చివరి రోజుల్లో ఒకనాడు, వచ్చేశాయి కట్టేశానని నేను చెప్పిన తర్వాత కూడా ఆమె వీధి చివరి చింతచెట్టు వైపే చూస్తూ ఉండిపోయింది. చినుకులు మొదలయ్యాయి. లోపలికి తీసుకువెళ్లబోతే నా చేయి పట్టుకుని, "నల్లపెయ్య ఒకటింకా రాలేదురా, తలుపెయ్యకు" అన్నది. నా పుస్తకంలో నల్లపెయ్య లేదు. నాన్నకు కూడా తెలియదన్నారు. వాన జల్లు గదిలోకి కొడుతున్నా, ఆమెకు నిద్ర పట్టేదాకా వీధి తలుపు తీసే ఉంచి, గడప ఇవతల పీట వేసుకుని కూర్చున్నాను.